మిక్సీ ముందా, పొయ్యి ముందా?

(బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. వక్త కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకురాలు. వేదిక మీద ఒక మిక్సీ, ఒక కరెంటు పొయ్యి, నాలుగైదు గిన్నెలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్ళకు నా మాట వినిపిస్తోందా? వినిపించకపోయినా ఇంకో పది నిమిషాల్లో వాసన అందుతుంది, దిగులు పడకండి.

నన్ను పిలిచినప్పుడు "మొక్కల పాల గురించి అరగంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. తీరా ఆహ్వానపత్రం చూస్తే "ప్రయోగంతో సహా" అని వేశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించినదాన్ని, నాకు ప్రయోగమంటే భయం లేదు. అనుకున్నట్టు వస్తుందన్న నమ్మకం మాత్రం ఏనాడూ లేదు. (నవ్వులు)

ముందు ఒక ప్రశ్న. బయట మిఠాయి దుకాణంలో బాదం పాలు అడిగితే గ్లాసులో ఏం పోసి ఇస్తారు? మొహమాటం లేకుండా చెప్పండి. (సభలోంచి: "ఆవు పాలు!") అవును, పసుపు రంగు తేలిన ఆవు పాలు. అడుగున బాదం పలుకులు నాలుగు. దాన్ని బాదం పాలంటే ఎవరికీ అభ్యంతరం లేదు. నేను బాదం పప్పు నానబెట్టి, రుబ్బి, పిండి తీసినదాన్ని సీసాలో పోసి "బాదం పాలు" అని చీటీ అంటించి అమ్మబోతే మాత్రం అడ్డొస్తారు. 2021లో మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, మొక్కల నుంచి తీసిన పానీయాలకు పాలు అనే మాట తగిలించి అమ్ముతుంటే ఆ సరుకును జాబితాల నుంచి తీసేయమని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. అంతకు ముందు 2017లో ఐరోపా న్యాయస్థానం కూడా ఇలాంటి తీర్పే ఇచ్చింది. రెండు చోట్లా కొబ్బరి పాలకు మాత్రం మినహాయింపు దొరికింది. కొబ్బరి పాలను ఇంకో పేరుతో పిలవమంటే వినేవాడు ఎవడు?

దుకాణాలకు ఆ నియమం ఉండాల్సిందే, కొనేవాడు మోసపోకూడదు. కానీ మన భాషలో పాలు అన్నవి ఎప్పుడూ ఆవుకో గేదెకో కట్టుబడి లేవు. వరి పాలు పోసుకుందంటాం. మొక్కజొన్న కంకి గోటితో గిల్లి పాలున్నాయో లేదో చూస్తాం. మర్రాకు తుంచితే పాలు, జిల్లేడు తుంచితే పాలు. జిల్లేడు పాలు ఎవరూ కాఫీలో పోసుకోవద్దు, ముందే చెబుతున్నాను. (నవ్వులు) అందుచేత ఈ పూట నేను పాలనే అంటాను.

ఇందులోకి నేను ఆదర్శంతో రాలేదు. మా వారికి యాభై దాటాక పాలు పడడం మానేశాయి. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైమ్ పసితనంలో అందరికీ పుష్కలంగా ఉంటుంది, వయసుతో పాటు చాలామందిలో తగ్గిపోతుంది. పెరుగైతే తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తాయి కాబట్టి ఫరవాలేదు. ఆయనకు పెరుగు పడుతుంది, కాఫీ పడదు. కాఫీ లేని ఆయన ఇంట్లో ఎవరికీ పడరు. (నవ్వులు) అలా మొదలైంది.

మొదటి రోజు జరిగింది చెప్పాలి, మీలో ఎవరూ అది చేయకుండా ఉండేందుకు. సోయా గింజలను వేడివేడిగా రుబ్బాలని ఎక్కడో చదివాను. రాత్రంతా నానబెట్టిన గింజలు ఉడికించి, మరిగే నీళ్ళతో సహా మిక్సీ జారులో మెడ దాకా నింపి, మూత గట్టిగా బిగించి బొత్తం తిప్పాను. ఒక్క క్షణం. మూత ఎగిరి పైకప్పుకు తగిలింది, వెనకే సగం జారు పైకి లేచింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను కాబట్టి సరిపోయింది. మూసి ఉన్న పాత్రలో వేడి ద్రవాన్ని రెక్కలు చిలికేసరికి లోపలి గాలి ఒక్కసారిగా వేడెక్కుతుంది, దానికి ఆవిరి తోడవుతుంది. ఆ ఒత్తిడికి రబ్బరు పట్టీ ఏమాత్రం ఆగుతుంది? రసాయన శాస్త్రం చెప్పే మనిషినే నేను! మాది అద్దె ఇల్లు. ఇంటి యజమాని సున్నం వేయించే దాకా ఆ మరక పైనుంచి నన్ను చూస్తూనే ఉండేది.

వేడిది రుబ్బక తప్పకపోతే జారులో మూడోవంతే పోయండి. మూత మధ్యలో చిన్న బిళ్ళ ఉంటే అది తీసేసి, మడత పెట్టిన గుడ్డ కప్పి, పైన చెయ్యి ఉంచండి. అసలు వేడిది రుబ్బాల్సిన పనే లేదని తర్వాత తెలిసింది. అక్కడికే వస్తున్నాను.

పాలంటే ఏమిటి? నీళ్ళలో తేలాడే సన్నని నూనె బొట్లు. ఒకదానికొకటి అంటుకోకుండా వాటి చుట్టూ మాంసకృత్తుల పొర. వాటి మీద పడిన వెలుతురు అన్ని వైపులా చెదురుతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. ఆవు ఈ పని పొదుగులో చేస్తుంది. గింజలోనూ నూనె, మాంసకృత్తులు పక్కపక్కనే ఉంటాయి, కణాల గోడల వెనక మూసి పెట్టి. మిక్సీ చేసేదల్లా ఆ గోడలు పగలగొట్టడం. అంతకు మించి దానికేమీ రాదు. పగలగొట్టాక లోపలివన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఆ కథ పాలుగా తేలుతుందా, జిగురుగా తేలుతుందా, వాసనగా తేలుతుందా అన్నది పొయ్యి మీద ఆధారపడి ఉంటుంది. వేడి రుబ్బకముందు తగలాలా, రుబ్బాక తగలాలా, అసలు తగలకూడదా? గింజ గింజకూ ఈ జవాబు మారుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఎన్ని వాట్ల మిక్సీ కొనాలని అడిగేవాళ్ళు చాలామంది, వేడి ఎప్పుడని అడిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురే.

సోయాతో మొదలుపెడదాం. దీనికి వేడి ముందే తగలాలి.

సోయా గింజలో లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ ఉంది. పేరు మరిచిపోయినా ఫరవాలేదు, పరీక్ష లేదు. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అది కిక్కురుమనదు. చన్నీళ్ళలో రుబ్బారనుకోండి, నీరు, గాలి, గింజలోని నూనె మూడూ దానికి ఒకేసారి దొరుకుతాయి. క్షణాల్లో నూనెను విరిచి పచ్చి చిక్కుడు వాసన పుట్టిస్తుంది. పుట్టిన వాసనను ఆ తర్వాత ఎంతసేపు కాచినా, ఎన్ని ఏలకులు వేసినా వదిలించలేరు. "సోయా పాలు మాకు నచ్చవండీ" అనేవాళ్ళకు నచ్చనిది ఆ వాసనే. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దీనికి మందు కనిపెట్టారు. రుబ్బేటప్పుడే నీళ్ళు 80 డిగ్రీలకు పైన ఉంటే ఎంజైమ్ లేవకముందే చచ్చిపోతుంది. నేను పైకప్పు పాడుచేసింది ఆ పద్ధతిలోనే. వాళ్ళ దగ్గర అందుకు తగిన యంత్రం ఉంది, నా దగ్గర మూత బిగించిన జారు ఉంది.

ఇంట్లో చేయాల్సింది ఇంకా సులువు. నానిన గింజలను మరిగే నీళ్ళలో వేసి, చిటికెడు వంటసోడా వేసి, అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. ఆ నీళ్ళు పారబోయండి. ఎంజైమ్ గింజ లోపలే చచ్చిపోయింది. ఇక చల్లార్చి రుబ్బినా వాసన రాదు. మాంసకృత్తులు కొన్ని గట్టిపడి పిప్పిలో ఉండిపోతాయి, పాలు ఒక పిసరు పలచనవుతాయి. ఆ నష్టం నాకు సమ్మతమే, పైకప్పు కన్నా చవక.

ఇవి నిన్న రాత్రి నానబెట్టిన గింజలు. వంద గ్రాములు. ఇప్పుడు తూస్తే రెట్టింపు దాటుతాయి. బాగా నానిందో లేదో ఇలా చూడాలి. గింజను రెండు బద్దలుగా విప్పండి. లోపలి ముఖం చదునుగా, అంతా ఒకే రంగులో ఉంటే నానినట్టు. మధ్యలో చిన్న గుంట, కాస్త ముదురు పసుపు కనిపిస్తే ఇంకా రెండు గంటలు ఆగాలి. డిసెంబరు చలిలో బెంగళూరులో పది గంటలైనా పడుతుంది. వీటిని పొద్దున్నే ఉడికించి తెచ్చాను. అన్నీ కలిపి 800 మిల్లీలీటర్ల నీళ్ళు. ముందు కొన్ని నీళ్ళతో ముద్దగా తిప్పి, మిగతావి తర్వాత పోయాలి. మొదటే అన్నీ పోస్తే గింజలు రెక్కలకు దొరక్కుండా ఈదుతుంటాయి.

(మిక్సీ శబ్దం)

చాలు. నిమిషం తిప్పి ఆపండి, ఊపిరి తీసుకోనివ్వండి, మళ్ళీ తిప్పండి. ఏకబిగిన తిప్పితే కాలిన వాసన వచ్చి ఆగిపోతుంది. అప్పుడు కొత్త మిక్సీ కొనడానికి పరుగెత్తకండి. అడుగున ఎర్ర బొత్తం ఉంటుంది, చల్లారాక నొక్కితే చాలు. ఇది మా అమ్మాయి ఇద్దరు స్నేహితులకు చెప్పి వాళ్ళ మిక్సీలను కాపాడాను.

ఇప్పుడు వడకట్టడం. ఇది పాత మల్లు పంచె ముక్క. టీ వడపోసే జల్లెడ చాలదు, నాలుకకు ఇసుక తగిలినట్టుంటుంది. పంచె నాలుగు చెంగులూ కలిపి పట్టుకుని ఇలా మెలిపెడుతూ పిండాలి. దోసెడు పిప్పి మిగిలింది. దీన్ని పారేయకండి, గారెల పిండిలో కలుపుకోవచ్చు. కానీ పచ్చిగా తినకూడదు. ఇది ఇంకా సరిగ్గా ఉడకనిదే.

పాలు పొయ్యి మీద పెడుతున్నాను. ముందు వరుసలో కళ్ళద్దాల బాబూ, నీకో పని. ఈ గిన్నెనే చూస్తూ ఉండు. నురుగు అంచు దాకా వస్తే కేక వెయ్యి.

ఈలోగా రాగుల గురించి చెబుతాను. దీనికి వేడి తర్వాతే, అదీ నెమ్మదిగా.

మొక్కల పాలు ఇవాళ విదేశాల నుంచి వచ్చాయనుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఏ పాత కన్నడ ఇంటికైనా వెళ్ళి హాల్బాయి తినాలి. హాలు అంటే పాలు. మా పక్కింటి పెద్దావిడ చేస్తారు. రాగులు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీస్తారు. పిప్పిని మళ్ళీ రుబ్బి మళ్ళీ పిండుతారు, తెల్లటి ధార వచ్చినంతసేపు. ఆ పాలలో కొబ్బరి పాలు, బెల్లం కలిపి సన్నని సెగ మీద తిప్పుతూ తిప్పుతూ దగ్గర పడనిచ్చి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోస్తారు. "మీరు మొక్కల పాల నిపుణులు" అని నేనంటే ఆవిడకు అర్థం కాలేదు. "పాలు తీయకుండా హాల్బాయి ఎలా వస్తుంది?" అని అడిగారు.

రాగుల్లో నూనె తక్కువ, పిండి పదార్థం ఎక్కువ. ఆ పాలను వేడి చేస్తే సుమారు 70 డిగ్రీల దగ్గర పిండి నీళ్ళు తాగి ఉబ్బుతుంది. గంటె ఆపారా, అడుగున ముద్ద, పైన నీళ్ళు. హాల్బాయికి కావాల్సింది ఆ చిక్కదనమే. తాగే పాలకు అది అడ్డు. దానికి మన పెద్దవాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది, మొలకలు. గింజ మొలకెత్తేటప్పుడు లోపలి పిండిని చక్కెరగా విడగొట్టుకుని తింటుంది. ఆ పని చేసే ఎంజైమ్ పేరు అమైలేజ్.

చూడండి, ఇది ఇంట్లో కాచి హాట్‌బాక్సులో పెట్టి తెచ్చిన రాగి జావ. గరిటె నిలబెడితే నిలబడుతోంది. వేడి ఇంకా ఉంది, వేలు పెడితే చురుక్కుమంటుంది కానీ కాలదు. ఇందులో మొలకెత్తిన రాగుల పిండి ఒక చెంచా కలుపుతున్నాను. నీళ్ళు చుక్క కూడా పోయడం లేదు, అమ్మా, మీరు ముందుకు వచ్చి చూడండి. కలుపుతూ ఉండాలి.

("పొంగుతోంది! పొంగుతోంది!")

శభాష్ బాబూ. సెగ తగ్గిస్తున్నాను. అందరూ ఇటు చూడండి, ఇది చాలా ముఖ్యం. పాలు పొంగాయి కదా, కాగినట్టేనా? కాదు. ఇది దొంగ పొంగు. సోయాలో కుంకుడుకాయల్లో ఉండే రకం పదార్థాలు, సాపోనిన్లు ఉన్నాయి. అందుకే మరిగే వేడి రాకముందే, 80–90 డిగ్రీల మధ్యే, సబ్బు నురుగులా లేస్తుంది. ఆవు పాలు కాచిన అలవాటుతో ఇక్కడ పొయ్యి ఆర్పేస్తే పచ్చి పాలు తాగినట్టే. పచ్చి సోయాలో మన కడుపులోని ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను పనిచేయనివ్వని పదార్థాలు ఉంటాయి. వాంతులు, కడుపు నొప్పి రావచ్చు. నురుగు అణిగేలా సెగ తగ్గించి, కలుపుతూ, నిజంగా తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు లెక్కపెట్టాలి. చెన్నైలో మా చెల్లెలికి పది నిమిషాలని చెబుతాను. ఇక్కడ పదిహేను. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు ఉడకడం లేదని కుక్కర్‌ను తిట్టేవాళ్ళు ఊరి ఎత్తును కూడా కొంచెం తిట్టవచ్చు. బాబూ, ఇప్పుడు గడియారం చూడు, పదిహేను నిమిషాలు.

ఇక ఈ జావ చూడండి. గరిటె పడిపోయింది! పైనుంచి పోస్తే మజ్జిగలా ధార కడుతోంది. చుక్క నీరు కలపలేదు. అమ్మా, నాలుక మీద వేసుకుని చెప్పండి. ("కాస్త తియ్యగా ఉందండి.") అవును, చక్కెర వేయలేదు. పిండి విరిగి అదే చక్కెర అయింది. పిల్లలకు పెట్టేటట్టయితే దీన్ని మళ్ళీ ఒకసారి మరిగించాలి, ఎందుకంటే ఇప్పుడు కలిపింది పచ్చి పిండి.

దుకాణంలో అట్టపెట్టెల్లో వచ్చే ఓట్స్ పాల రహస్యం కూడా ఇదే. 1990లలో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఓట్స్ జావను ఎంజైములతో పలచబరిచి పాలలాంటి పానీయం చేశారు. ఇంట్లో మనం ఓట్స్‌లో ఎంజైమ్ కలపం కాబట్టి దానికి వేడి అసలు తగలకూడదు. చల్లటి నీళ్ళు, ఇరవై ముప్ఫై సెకన్లు, అంతే. ఎక్కువ తిప్పితే రెక్కల రాపిడికే వేడెక్కి బెండకాయ జిగురు వస్తుంది. గుడ్డను పిండకూడదు, తనంతట కారనివ్వాలి. ఇంతా చేస్తే కాఫీలో పోయగానే వేడికి చిక్కబడుతుంది. ఓట్స్ మీద నాకు పెద్ద ప్రేమ లేదు, ముందుకు వెళ్తాను.

వేరుశెనగ గురించి మాత్రం తొందరపడను. మా నాన్నగారిది హిందూపురం దగ్గర పల్లె. కొందరు పల్లీలంటారు, మేము చెనక్కాయలంటాం. ఈ ఊళ్ళో కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో దొడ్డ బసవన్న గుడి ముందు కడలెకాయి పరిషె, అంటే వేరుశెనగ కాయల జాతర జరుగుతుంది. పొలాల మీద పడి పైరు మేస్తున్న ఎద్దుకు రైతులు తొలి పంట సమర్పించుకుంటామని మొక్కుకున్నారని కథ. వీధి పొడుగునా కాయలు రాసులు పోసి ఉంటాయి. ఏటా రెండు శేర్లు తెచ్చుకుంటాను. ఇంటికి వచ్చాక మా వారిని, నన్ను ఆ సాయంత్రమంతా కట్టిపడేసే పని ఒకటి ఉంది, ఏరడం.

ఇది చాదస్తం కాదండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టకుండా చచ్చిపోయాయి. కారణం దాణాలో కలిపిన వేరుశెనగ పిండి. అందులో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలిన విషం ఉంది. ఆ బూజు పేరు నుంచే ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. మీరు గుర్తు పెట్టుకోవాల్సింది, కాచితే అది పోదు. ఇప్పటిదాకా పొయ్యి గొప్పదనం చెబుతూ వచ్చాను, ఇక్కడ పొయ్యి చేతులెత్తేస్తుంది. ఇదిగో, ఈ పళ్ళెంలో నాలుగు గింజలు చూపిస్తాను. ఇది నిండుగా, గులాబీ రంగు పొట్టుతో ఉంది, మంచిది. ఇది ముడతలు పడింది. ఇది నలిపితే లోపల పసుపు మచ్చ. దీని మొన దగ్గర బూడిద రంగు పొడి ఉంది. ఈ మూడూ చెత్తబుట్టలోకే. "ఒక్క గింజే కదా" అని రుబ్బితే అది సీసా మొత్తానికీ అంటుతుంది. నోట్లో పడితే చేదని ఉమ్మేస్తాం, పాలలో పడితే తెలియదు.

ఏరిన గింజలను సన్నని సెగ మీద కాస్త వెచ్చబడేదాకా వేయించి, పొట్టు ఊదేసి, ఆరు గంటలు నానబెట్టి, ఒకటికి అయిదు కొలతల నీళ్ళతో రుబ్బి వడకట్టండి. ఆ తర్వాత కాచండి. అంటే దీనికి వేడి ముందు కొంచెం, తర్వాత ఎక్కువ. పిప్పిలో ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు వేసి నూరితే సంగటిలోకి పచ్చడి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ వాళ్ళు వేరుశెనగ మాంసకృత్తులను గేదె పాలలో కలిపి, పాలు ఎక్కువమందికి అందేలా మిల్టోన్ అనే పానీయం తయారుచేశారు. పాల కొరత ఉన్న రోజుల మాట అది.

("మేడమ్, బాదం గురించి చెప్పలేదు.") చెబుతాను. బాదం పాలు చేయడం అన్నిటికన్నా సులువు. నానబెట్టడం, పొట్టు తీయడం, రుబ్బడం, పిండడం. పొయ్యి పనే లేదు. అందుకే అందరూ దాన్నే చేస్తారు. కానీ లెక్క వేయండి. లీటరు నీళ్ళకు గుప్పెడు, అంటే 30 గ్రాముల బాదం వేశారనుకోండి. ఆ గుప్పెడులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు, కాల్షియం 80 మిల్లీగ్రాములు. అందులోనూ కొంత పిప్పితో పోతుంది. అదే లీటరు ఆవు పాలలో మాంసకృత్తులు 32 గ్రాములు, కాల్షియం సుమారు 1,200 మిల్లీగ్రాములు. తెల్లగా ఉన్నంత మాత్రాన సరిపోదు. సోయా ఒక్కటే మాంసకృత్తుల్లో ఆవు పాలకు దగ్గరగా వస్తుంది. కాల్షియంలో అదీ వెనకబడేదే. బి12 వీటిలో దేంట్లోనూ లేదు. ఏడాది లోపు పిల్లలకు తల్లి పాలకు బదులుగా ఇవేవీ పోయకండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను.

గాంధీ గారు ఈ దారిలో ఎప్పుడో నడిచారు. 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. 1918లో జబ్బు చేసి మంచం పట్టినప్పుడు పాలకు బదులు ఏదైనా చెప్పమని వైద్యులనూ శాస్త్రజ్ఞులనూ అడిగారు. పెసర కట్టు, ఇప్ప నూనె, బాదం పాలు, ఎవరికి తోచింది వారు చెప్పారు. అన్నీ ప్రయత్నించి ఒళ్ళు హూనం చేసుకున్నానే తప్ప మంచం దిగలేకపోయానని ఆత్మకథలో రాసుకున్నారు. చివరికి కస్తూర్బా మాట మీద మేక పాలు తాగారు. ఆ మనిషే 1927లో బెంగళూరు వచ్చినప్పుడు, ఇక్కడ ఆడుగోడిలోని పాడి పరిశోధనా సంస్థకు వెళ్ళి గోపోషణ పాఠాలు నేర్చుకున్నారు. ఆ సంస్థ ఉన్న హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. గుర్తు తెచ్చుకోవడానికి సమయం కూడా బోలెడు దొరుకుతుంది. (నవ్వులు)

ఇక యంత్రం కొనాలా వద్దా? చాలామంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు. 1994లో చైనాలో మొదలైన సోయా పాల యంత్రం ఇప్పుడు రకరకాల పేర్లతో దొరుకుతోంది. కాఫీ ఫ్లాస్కులా ఉంటుంది. అడుగున వేడి చేసే పళ్ళెం, రుబ్బే రెక్కలు. లోపలికి తొంగి చూస్తే పైన ఒక పొట్టి ఉక్కు కడ్డీ వేలాడుతుంటుంది. ఆ యంత్రంలో నాకు నచ్చింది ఆ కడ్డీయే. దొంగ పొంగు వచ్చి నురుగు దాన్ని తాకగానే సన్నని విద్యుత్తు ప్రవహించి వేడి ఆగిపోతుంది. నురుగు దిగితే మళ్ళీ మొదలవుతుంది. మన కళ్ళద్దాల బాబు చేసిన పనే, కేక వేయకుండా చేస్తుంది. (నవ్వులు, చప్పట్లు) రోజూ కడ్డీని తుడవకపోతే, దాని మీద పాలు ఎండి అట్ట కడితే, అది నురుగును పసిగట్టలేక తికమక పడుతుంది.

ఈ యంత్రం ముందు వేడి చేసి, తర్వాత రుబ్బి, ఆ తర్వాత కాస్తుంది. సోయాకు సరిగ్గా ఆ వరసే కావాలి. మీ ఇంట్లో రోజూ సోయా పాలు తాగే మనుషులుంటే కొనండి, ఇరవై నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది. అదే వరసలో ఓట్స్ వేస్తే బంక వస్తుంది, రాగి పాలు పోస్తే అడుగంటుతాయి. బాదంకు అసలు అక్కరే లేదు. వేడి లేకుండా తిప్పే బొత్తం విడిగా ఉందో లేదో చూసి మరీ డబ్బు ఇవ్వండి. వారానికి ఒకసారి చేసుకునేవాళ్ళకు ఇంట్లో ఉన్న మిక్సీ, పంచె ముక్క చాలు. 750 వాట్ల మిక్సీ రెండు నిమిషాలు తిప్పితే కరెంటు యూనిట్‌లో నలభయ్యో వంతు అవుతుంది. నిల్వ సంగతి, ఫ్రిజ్‌లో రెండు రోజులు, మహా అయితే మూడు. అడుగున తేరుకుంటే చెడిపోయినట్టు కాదు, కుదిపి పోసుకోండి. పుల్లని వాసన వస్తే మాత్రం మొక్కలకు కూడా పోయకండి, చీమలు పడతాయి.

("పదిహేను నిమిషాలయింది అమ్మమ్మా!") అయిందా? దింపేద్దాం. ఎవరైనా వచ్చి వాసన చూడండి. పచ్చి వాసన ఉందా? లేదు కదా.

ఇప్పుడు కాఫీ. మా ఇంట్లో అసలు పరీక్ష ఇదే. డికాక్షన్ పుల్లది, వేడిది. రెండూ ఒకేసారి తగిలితే సోయాలోని మాంసకృత్తులు ముద్దకట్టి కాఫీ విరుగుతుంది. నిమ్మరసం పిండి పన్నీరు చేసినట్టే. తప్పించాలంటే ముందు కప్పులో పాలు పోసి, డికాక్షన్ రెండు నిమిషాలు చల్లారనిచ్చి, సన్నగా పోస్తూ కలపాలి. డికాక్షన్ మీద పాలు గుమ్మరించకూడదు. బాగా మాడ్చి వేయించిన పొడిలో పులుపు తక్కువ, అదీ కలిసొస్తుంది.

ఇదిగో, మొదటి కప్పు. వెలుతురుకు పట్టి చూడండి, అంచున పొడి పొడిగా ఏమీ లేదు. చిక్కగా, గోధుమ రంగులో ఉంది. రెండో కప్పు మా వారు కలుపుతున్నారు... ఏమండీ, డికాక్షన్ ముందు పోశారా? నేను ఇంతసేపు చెప్పింది ఎవరికి? (పెద్దగా నవ్వులు) రండి, ముందు వరుస వాళ్ళు వచ్చి చూడండి, విరిగితే ఎలా ఉంటుందో. దీనికోసం వేరే ప్రయోగం పెట్టుకోనక్కర్లేకుండా పోయింది. ఆ కప్పు ఆయనే తాగుతారు. మిగతా వాళ్ళకు నేను కలిపి ఇస్తాను, బాబుకు మొదటిది, చక్కెర వేసి, డికాక్షన్ లేకుండా.